ఎవ్వల పేదరికం?

"ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నా" అని ఇంట్లో చెప్తే మా అమ్మకి గుర్తొచ్చేది ఒక్కటే, నాంపల్లి నుమాయిష్. "వచ్చేటప్పుడు ఒక దుప్పటి పట్టుకురా, బేరం ఆడకుండా మాత్రం కొనకు" అంటుంది. ఆమె తప్పేం లేదు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్, హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్ అనే మాటని మొత్తం తన పేరు మీద రాయించేసుకుంది. గోడలకి బొమ్మలు తగిలించి ఉంటే, జనం చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా నడుస్తూ చూసే ఎగ్జిబిషన్ ఇంకోటి ఉంటుందని మా పీర్జాదిగూడ గల్లీలో చెప్పి చూడండి. "దాంట్ల ఏమమ్ముతరు?" అని అడుగుతారు.

నేను రాస్తున్నది ఆ రెండో రకం గురించే. ఆర్ట్ గ్యాలరీల వాళ్ళ నోట, మన ఫెస్ట్ పోస్టర్ల మీద కూడా, ఇప్పుడు బాగా తిరుగుతున్న మాట ఒకటుంది: "కమ్యూనిటీ ఆర్ట్". అంటే జనం గురించి, జనం మధ్య, జనం కోసం కళ అని. వినడానికి బాగుంటుంది. దాని మీద నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తా, చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకి కూడా అందుతుంది: గోడ మీద ఎవరి బొమ్మ ఉందో ఆ మనిషి లోపలికి వచ్చి "ఇది తప్పు" అని చెప్పే వీలు లేకపోతే, అది జనం కోసం పెట్టిన ఎగ్జిబిషన్ కాదు. జనాన్ని పెట్టిన ఎగ్జిబిషన్.

ఇదేదో పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్నుంచి నేర్చుకున్నది.

మన కాలేజీ బస్సులో ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్ళందరికీ వరంగల్ రోడ్డు మీద ఆ పిల్లర్లు తెలుసు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ అని 2018లో పనులు మొదలుపెట్టారు. నేను అప్పుడు స్కూల్లో ఉన్నా. ఇంటర్ అయింది, ఎంసెట్ అయింది, బీటెక్ మూడో సంవత్సరంలోకి వచ్చా, ఇన్నేళ్ళూ నా పొద్దు ఆ పిల్లర్ల పక్కనే ట్రాఫిక్‌లో గడిచింది. పొద్దున ఏడింటికి వాటి నీడలో కూలీల అడ్డా ఉంటుంది. తాపీ మేస్త్రీలు, మట్టి పనివాళ్ళు, పెయింటర్లు, ఎవరు పిలుస్తారా అని టిఫిన్ డబ్బాలతో నిలబడి ఉంటారు.

పోయినేడాది ఫెస్ట్‌కి మన క్లబ్బు, ఫొటోగ్రఫీ క్లబ్బు కలిసి ఫొటో ఎగ్జిబిషన్ పెట్టాం, గుర్తుందా? పేరు "చెమట చుక్క". పేరు పెట్టింది నేనే, ఇప్పుడు తల్చుకుంటే కొంచెం సిగ్గుగా ఉంది. సెమినార్ హాల్, ఏసీ, నల్ల గుడ్డ కట్టిన స్టాండ్లు, ఒక్కో ఫొటో మీద ఒక్కో లైటు. నా ఫొటోకి మొదటి బహుమతి వచ్చింది, రెండు వేల రూపాయలు. పిల్లర్‌కి ఆనుకుని కూర్చున్న ఒకామె ఫొటో అది. నలభై ఏళ్ళు ఉండొచ్చు. పక్కన స్టీలు డబ్బా. ముఖం మీద సగం ఎండ, సగం నీడ. రోడ్డు వైపు చూస్తోంది. బస్సు సిగ్నల్ దగ్గర ఆగితే కిటికీలోంచి తీశాను. కింద "పేదరికం ఎదురుచూపు" అని రాశాను. జడ్జి గారు ఆ రెండు మాటల్నీ ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.

రెండు నెలల తర్వాత మా పక్కింట్లో పైన ఇంకో అంతస్తు వేస్తుంటే, స్లాబు పనికి వచ్చినవాళ్ళలో ఆమె కనిపించింది. నేను గుర్తుపట్టా. ఎంత సంబరపడ్డానో! ఫోన్ తీసి పరిగెత్తా. "అక్కా, ఇది నువ్వే కదా? మా కాలేజీలో నీ ఫొటోకి ఫస్ట్ ప్రైజ్ వచ్చింది" అన్నా.

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుని ఫోన్ తీసుకుంది. చాలాసేపు చూసింది. పెద్దగా చేసి చూసింది.

"నేనే. కింద ఏం రాసినవ్?"

చదివాను.

"ఎవ్వల పేదరికం?"

నా దగ్గర జవాబు లేదు. ఆమె కోపంగా ఏం అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగింది. తర్వాత ఆమె చెప్పింది విని నాకు తల తిరిగింది. ఆ రోజు ఆమె పనికే రాలేదు. కూతురి డిగ్రీ ఫీజు కట్టడానికి తార్నాక వెళ్తూ బస్సు కోసం కూర్చుంది. మొదటిసారి మొత్తం ఫీజు ఒకేసారి కడుతోంది. కట్టుకున్నది బతుకమ్మకి కొన్న కొత్త చీర. "గా డబ్బ నాది గాదు, పక్కన ఇంకొకామెది. నువ్వు ఆమెను కోసేసినవ్, డబ్బను ఉంచినవ్." అంటే నేను క్రాప్ చేశాను. కంపోజిషన్ కోసం.

ఆమె జీవితంలో బహుశా గొప్పగా గడిచిన రోజుల్లో ఒకటి. దాన్ని తీసుకెళ్ళి నేను పేదరికం అని పేరు పెట్టి గోడకి తగిలించా. మూడు రోజులు. ఫ్యాకల్టీ వచ్చి చూశారు, పక్క కాలేజీ వాళ్ళు వచ్చి చూశారు, సెల్ఫీలు దిగారు, ఇన్‌స్టాలో కూడా పెట్టాం. ఇన్ని కళ్ళలో ఒక్కరూ అది తప్పని చెప్పలేకపోయారు. చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి మన గేటు దాటి రాలేదు, ఎందుకంటే ఐడీ కార్డు లేకుండా సెక్యూరిటీ లోపలికి పంపడు.

కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్ళకి ఒక మాట చాలు: మనం పెట్టింది ఓపెన్ లూప్ ఎగ్జిబిషన్. ఔట్‌పుట్ ఎంత తప్పుగా ఉన్నా ఇన్‌పుట్‌కి తెలిసే దారి లేదు.

అప్పటినుంచి నాకు ఒక పురుగు తొలుస్తోంది. ఇలా కాకుండా ఎవరైనా చేశారా? వెతుక్కుంటూ పోతే మొదటి జవాబు మా ఇంటికి రెండు కిలోమీటర్లలోపే దొరికింది. పీర్జాదిగూడ పక్కనే బోడుప్పల్. ఈ రెండూ పంచాయతీలుగా ఉండి, 2016లో మున్సిపాలిటీలై, 2019లో కార్పొరేషన్లైన కవల పిల్లలు. ఆ బోడుప్పల్‌లో చెరియాల బొమ్మలు వేసే నకాషీ కళాకారుడు ధనాలకోట వైకుంఠం గారి కుటుంబం ఉంటుంది. ఎర్రటి నేపథ్యం, పెద్ద పెద్ద కళ్ళు, పసుపు నీలం రంగుల్లో మనుషులు. ఆ బొమ్మల్ని కీచైన్ల మీదో మాస్కుల మీదో మీరు చూసే ఉంటారు. 2019లో ఉప్పల్ భగాయత్‌లో మినీ శిల్పారామం తెరిచాక మన వైపు ఇలాంటి హస్తకళలు చూడటానికి మాదాపూర్ దాకా పోయే పని కూడా తప్పింది.

కానీ చెరియాల బొమ్మ కీచైన్ కోసం పుట్టలేదు. అది పటం. ఖద్దరు గుడ్డకి బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఆరబెట్టి, దాని మీద గీస్తారు. మూడడుగుల వెడల్పు, పదుల అడుగుల పొడవు. చుట్టి పెట్టుకుని ఊరూరా తిరిగే కథకులు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కో అర విప్పుతూ, పాడుతూ కథ చెప్పేవాళ్ళు. పద్మశాలీలకి కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేవాళ్ళు. మాదిగ వాడలో డక్కలి వాళ్ళు జాంబపురాణం చెప్పేవాళ్ళు. ముదిరాజులకి కాకి పడగల వాళ్ళు, గౌడులకి గౌడజెట్టి వాళ్ళు ఉండేవాళ్ళు. ఏ కులానికి ఆ కులం కథ, ఆ కథకి దాని పటం.

ఒక్కసారి ఆలోచించండి. రాత్రిపూట, వాడ మధ్యలో, గ్యాస్ లైటు వెలుగులో, పొడవాటి గుడ్డ మీద వరసగా బొమ్మలు. ముందు కూర్చున్నది ఎవరు? ఆ కథ ఎవరిదో వాళ్ళే. తమ మూలపురుషుడి కథ తాతల దగ్గర్నుంచి వింటున్నవాళ్ళు. కథకుడు ఒక అర దాటేస్తే, ఒక పేరు తప్పు చెప్తే, ముందు వరసలో ముసలాయన ఊరుకుంటాడా? కథకుడి కూలి కూడా ఆ జనమే ఇవ్వాలి మరి. జాంబపురాణంలో జాంబవంతుడు భూమి పుట్టకముందే పుట్టాడు. ఊరు తమని చివర్న నిలబెడితే, తమ పటంలో వాళ్ళు తమని మొట్టమొదట నిలబెట్టుకున్నారు. ఎవరో బయటివాడు వచ్చి కింద "పేదరికం" అని రాసే సందే లేదు అక్కడ.

పాతదంతా బంగారమని నేను అనను. ఒక కులం పటం ఇంకో కులం వాడలో విప్పరు, ఊరు ఎలా విడిపోయి ఉందో పటాలూ అలాగే విడిపోయి ఉన్నాయి. మనకి కావాల్సింది ఆ గోడలు కాదు. ఆ ముందు వరస కావాలి. చూసేవాడికి బొమ్మ గురించి బొమ్మ చూపించేవాడి కంటే ఎక్కువ తెలిసి ఉండటం, ఆ తెలిసింది గట్టిగా చెప్పే చనువు ఉండటం. పటం ఫ్రేములోకి, ఫ్రేము డ్రాయింగ్ రూములోకి వచ్చాక పోయింది అదే. కళాకారుడికి పూట గడవాలంటే చిన్న ఫ్రేములు, మాస్కులు చెయ్యాల్సిందే, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఇప్పుడు కొనేవాళ్ళం మనం. మనకి ఆ కథ తెలియదు. బొమ్మలో ఏం మారినా "బ్యూటిఫుల్" అంటాం.

ఇక ఇప్పటి హైదరాబాద్‌కి వద్దాం. రాజ్‌భవన్ పక్కన ఎం.ఎస్. మక్తా అని ఒక బస్తీ ఉంది. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ అక్కడి ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద చిత్రాలు వేయించింది. మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటారు. ఒక ఆదివారం నేనూ, నా రూమ్మేటూ కాని ప్రాణమిత్రుడూ ఉప్పల్‌లో మెట్రో ఎక్కి పోయాం. టికెట్ లేదు, టైమింగ్స్ లేవు, చెప్పులు విప్పక్కర్లేదు. కొన్ని రంగులు వెలిశాయి. ఒక బొమ్మ ముందు బట్టలు ఆరేశారు, ఇంకో బొమ్మకి సగం స్కూటీ అడ్డం. మావాడు "ఛ, ఫొటో పాడైంది" అన్నాడు. నాకు మాత్రం అది బాగా నచ్చింది. గ్యాలరీలో బొమ్మకి అడ్డం నిలబడితే మనల్ని జరగమంటారు. ఇక్కడ బొమ్మే మనిషికి జరిగి చోటిచ్చింది. గోడ ఇంటివాళ్ళది. వద్దనుకుంటే రేపు సున్నం కొట్టేస్తారు. అది కూడా దిద్దటమే.

అయినా ఒకటి ఒప్పుకోవాలి. మక్తాలో ఏ బొమ్మ వెయ్యాలో ఎవరు నిర్ణయించారన్నది ఆ గోడ చూస్తే తెలియదు. గోడ ఇచ్చినంత మాత్రాన మాట ఇచ్చినట్టు కాదు కదా. బంజారాహిల్స్‌లో లామకాన్ ఈ విషయంలో కొంచెం ముందుంది. 2010లో ఒక కుటుంబం తమ పాత ఇంటిని జనం కోసం తెరిచింది. నాటకం, పాట, బొమ్మలు, చర్చ, ఏదైనా పెట్టుకోవచ్చు. గోడకి తగిలించినవి చూడకపోయినా చాయ్ తాగి సమోసా తిని, గంటలు గంటలు కూర్చోవచ్చు, ఎవరూ లేవమనరు. నాకు అక్కడ ఎప్పుడూ "నేను ఇక్కడికి రావచ్చా" అనే భయం కలగలేదు. కానీ ఉప్పల్ నుంచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, దిగాక ఇంకో ఆటో. మా పక్కింటి స్లాబు మీద పనిచేసే అక్క ఒక రోజు కూలి పోగొట్టుకుని అంత దూరం ఎందుకు పోతుంది? తలుపు తీసి ఉంటే చాలదు, ఆ తలుపు మన గల్లీలో ఉండాలి.

ఈ వెతుకులాటలో నాకు అన్నిటికంటే నచ్చిన కథ అమెరికాది. వాషింగ్టన్‌లో అనకోస్టియా అని నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే పేట. 1967లో స్మిత్సోనియన్ సంస్థ అక్కడ ఒక పాత సినిమా హాల్లో చిన్న మ్యూజియం తెరిచింది. దానికి డైరెక్టర్‌గా జాన్ కినార్డ్ అనే ఆయన వచ్చాడు. ఆయన మ్యూజియాల్లో పనిచేసి వచ్చినవాడు కాదు, ఆ నగరంలోనే పుట్టి, జనం మధ్య పనిచేసిన పాస్టర్. పేటలో వాళ్ళని బాధపెడుతున్నది ఏంటి? ఎలుకలు. సరే అని 1969లో ఎలుకల మీదే ఎగ్జిబిషన్ పెట్టారు. నిజం ఎలుకల్ని తెచ్చి పెట్టారు. అవి ఎలా పెరుగుతాయి, ఎక్కడ చేరతాయి, ఏ జబ్బులు తెస్తాయి, ఎలా వదిలించుకోవాలి, అన్నీ. పెయింటింగులూ శిల్పాలూ ఉండాల్సిన చోట ఎలుకలు! కానీ అక్కడికి వచ్చినవాళ్ళలో ప్రతి ఒక్కరూ ఆ విషయంలో నిపుణులే. రాత్రిళ్ళు వాటితో కాపురం చేస్తున్నవాళ్ళు. వాళ్ళకి ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు, వాళ్ళే అర్థం చెప్తారు.

ఇది చదివిన రోజు నాకు మా మూసీ గుర్తొచ్చింది, సాయంత్రం ఆరింటికి కిటికీలు మూసే మా వీధి గుర్తొచ్చింది. దోమల ఎగ్జిబిషన్ పెడితే పీర్జాదిగూడలో నిలబడే చోటుండదు. మలేరియా దోమ ద్వారా వస్తుందని రోనాల్డ్ రాస్ 1897లో కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే కదా, ఆ హక్కు కూడా మనకుంది.

సరే, మాటలు చాలు, చేసింది చెప్తా. ఈ జనవరిలో సెలవులకి మేం నలుగురం మా కాలనీ కమిటీ హాల్ అడిగాం. పెళ్ళిళ్ళు లేని రెండు రోజులకి ఇచ్చారు. పోయినేడాది ఫొటోలే నలభై తీసుకుని, ఏ-3 సైజులో ప్రింట్ తీయించి, ముందు ఆ మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళాం. ఇదే పెద్ద పని. ఎగ్జిబిషన్ రెండు రోజులు, వెతకడం మూడు వారాలు. ఒక్కొక్కరికీ ప్రింట్ చూపించి రెండే ప్రశ్నలు అడిగాం. ఇది గోడకి పెట్టాలా వద్దా? పెడితే కింద ఏం రాయాలి? వాళ్ళు చెప్పిన మాటని అలాగే, వాళ్ళ యాసలోనే రాశాం.

తొమ్మిది మంది దొరకలేదు. ఎనిమిది మంది వద్దన్నారు. ఒకాయన "మా ఊర్ల నేను మేస్త్రి అని చెప్పుకున్న, గీడ తట్ట మోస్తున్నట్టు ఫొటో పెడ్తవా" అన్నాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక ముసలావిడ ఏ కారణం చెప్పలేదు, తల అడ్డంగా ఊపింది, అంతే. దొరకనివాళ్ళవీ, వద్దన్నవాళ్ళవీ తీసేశాం. అందులో మా ఫొటోగ్రఫీ క్లబ్బు తీసిన రెండు మంచి ఫొటోలు పోయాయి. మా వాడొకడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పదిహేడు చోట్లా తాడుకి ఖాళీ క్లిప్పులే వేలాడదీశాం. చూడటానికి వచ్చినవాళ్ళు చాలామంది "ఇవి ఏమైనయ్?" అని అడిగారు. అడగకుండా ఎవరి ముఖమైనా గోడకెక్కించడం కుదరదని అక్కడ వివరంగా చెప్పే అవసరం రాలేదు.

మిగిలిన ఇరవై మూడు ఫొటోల పక్కన తలా ఒక తెల్ల కార్డు, దారానికి కట్టిన పెన్సిలు పెట్టాం. తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు. రాయడం రానివాళ్ళకి మేం రాసిపెట్టాం. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తన ఫొటో కింద "వాచ్‌మన్" అన్న మాటని కొట్టేయించి ఇలా రాయించాడు: "మోటర్ ఏస్త, లిఫ్ట్ చూస్త, చెట్లకు నీళ్ళు పోస్త, పొద్దుగూకంగ పిల్లలను స్కూల్ బస్సుల కెల్లి దింపుకుంట. జీతం ఒక్కటే." రిటైరైన టీచర్ గారొకరు పిల్లర్ల ఫొటో పక్కన, అక్కడ ఒకప్పుడు ఏ పొలం ఎవరిదో, బావి ఎక్కడుండేదో కార్డు నిండా రాసి, చోటు చాలక వెనక్కి తిప్పి రాశారు. ఇంకొకరు వచ్చి ఆయన రాసిన బావిని యాభై గజాలు అవతలకి జరిపారు. ఇద్దరూ అక్కడే కుర్చీలు వేసుకుని గంటసేపు వాదించుకున్నారు. సెమినార్ హాల్లో మూడు రోజుల్లో ఒక్క వాదన కూడా జరగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

అన్నీ గొప్పగా జరగలేదు. కమిటీ ప్రెసిడెంట్ గారి ఫొటో మొదట పెట్టాలని వాళ్ళ తాలూకు మనుషులు పట్టుబట్టారు. పెట్టాం, కింద పెన్సిలు కూడా పెట్టాం. సాయంత్రానికి ఆ కార్డు మీద డ్రైనేజీ గురించి ఏడు ఫిర్యాదులు. మర్నాడు పొద్దున కార్డు మాయం. అలాగే, కొన్ని ఫొటోల కింద మాటలు మామూలుగా ఉన్నాయి. "మంచిగుంది" అని నలుగురు రాయించారు. చూసేవాడి గుండె పట్టేసే మాటలు కావవి. కానీ వాళ్ళ గుండె పట్టేసే బాధ్యత ఆ మనుషులకి ఎందుకుండాలి?

ఇక్కడ మీలో కొందరి అభ్యంతరం నాకు తెలుసు, మా క్లబ్బులోనే విన్నా. "అందరినీ అడిగి, అందరూ ఒప్పుకున్నదే పెడితే అది కళ అవుతుందా, కాలనీ నోటీసు బోర్డు అవుతుందా? కళాకారుడి చూపు అనేది ఒకటుండదా?" ఉంటుంది. అధికారంలో ఉన్నవాడి బొమ్మ వెయ్యడానికి వాడి అనుమతి అడగాలని నేను అనడం లేదు. అలా అంటే కార్టూనిస్టులందరూ ఇంట్లో కూర్చోవాలి. వాడికి మనల్ని దిద్దడానికి వంద దారులున్నాయి. నేను చెప్పేది ఏ దారీ లేనివాళ్ళ గురించి. ఇంకో సంగతి, నా ఫొటో విషయంలో "కళాకారుడి చూపు" అని నేను మురిసిపోయింది నిజానికి చూపే కాదు. కొత్త చీర నాకు కనపడలేదు. బస్సు స్టాపు కనపడలేదు. పక్కనున్న మనిషిని కత్తిరించేశాను. నేను చూసింది, నేను ముందే అనుకున్నదాన్ని. ఆమె చెప్పాకే ఆ ఫొటో నాకు మొదటిసారి కనిపించింది.

ఆమె కూడా వచ్చింది, రెండో రోజు సాయంత్రం పని నుంచి, డిగ్రీ చదివే కూతుర్ని వెంటపెట్టుకుని. ఈసారి ఫొటోని క్రాప్ చెయ్యకుండా మొత్తం ప్రింట్ తీయించాను, డబ్బా ఎవరిదో ఆ పక్కనామె కూడా ఉంది, ఆమెనీ అడిగాం. కింద రాసింది ఇది: "బిడ్డ ఫీజు కట్టనీకి పోతున్న. బస్సు రాలే." కూతురు చదివి, "అమ్మా, ఎక్కడ చదువుతున్ననో రాయలేదేంది?" అని పెన్సిలు తీసుకుని తన కోర్సు పేరు కూడా చేర్చింది. పోయినేడాది రెండు వేల ప్రైజు సంగతి దాచలేదు. "అండ్ల సగం నాది గాదా?" అని ఆమె నవ్వుతూ అడిగింది. ఇచ్చాను. దానం కాదది, లెక్క.

ఖర్చు చెప్తే మీకూ ధైర్యం వస్తుందని చెప్తున్నా. ప్రింట్లు, తాడు, క్లిప్పులు, కార్డులు, పెన్సిళ్ళు, చాయ్, అన్నీ కలిపి మేం నలుగురం వేసుకున్న డబ్బులతోనే అయిపోయింది. పోయినేడాది సెమినార్ హాల్లో నల్ల గుడ్డ, లైట్ల అద్దెకే అంతకంటే ఎక్కువైంది.

అందుకే ఈ ఏడాది ఫెస్ట్ గురించి క్లబ్బు ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నా. ఒకటి, ఫొటో ఎగ్జిబిషన్ క్యాంపస్‌లో వద్దు, ఐడీ కార్డు అడగని చోట పెడదాం. మా కమిటీ హాల్ అయినా సరే, మీ వైపు ఏదైనా బడి వరండా అయినా సరే. రెండు, మనిషి ముఖం కనపడే ప్రతి ఫొటోకి ఆ మనిషి ఒప్పుకోలు, ఆ మనిషి మాట ఉండాలి. ఇన్‌స్టాలో పెట్టే ముందు విడిగా ఇంకోసారి అడగాలి, ఎందుకంటే హాల్లో గోడ రెండు రోజుల్లో ఖాళీ అవుతుంది, ఇన్‌స్టా ఖాళీ అవదు. మూడు, ఈసారి అంశం మనం నిర్ణయించొద్దు. మన రోడ్డు మీది నాలుగు కాలనీలకి వెళ్ళి "మీకేం చూడాలనుంది?" అని అడుగుదాం. దోమలంటే దోమలే.

బహుమతుల సంగతి కూడా మాట్లాడాలి. జడ్జిల్లో ఒకరైనా ఫొటోల్లో ఉన్నవాళ్ళు ఉండాలని నా కోరిక, దీనికి మాత్రం క్లబ్బులో గొడవ తప్పదని తెలుసు. గురువారం లాస్ట్ అవర్ తర్వాత లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుంటున్నాం. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా రండి. పెన్సిలు నేను తెస్తా.